పాత పికప్ ట్రక్కులో ఆక్సిజన్ సెన్సర్ వైరింగ్ లోపాన్ని పట్టుకోవడం ఎలా?

"చెక్ ఇంజన్ దీపం వెలిగింది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చింది. కొత్త సెన్సర్ వేసినా వారం తిరక్కుండా అదే కోడ్ మళ్లీ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?" అమెరికాలో ఉంటూ, సామాను మోసుకోవడానికి, ఇంటి పనులకు పాత ఫోర్డ్ ఎఫ్-150నో షెవర్లే సిల్వరాడోనో కొనుక్కున్న తెలుగువాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఆ కోడ్ సెన్సర్ పాడైందని చెప్పదు. సెన్సర్, దాని వైర్లు, కనెక్టరు, ఫ్యూజు, ఎర్త్, ఇంజన్ కంప్యూటర్ అన్నీ కలిసిన సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఇరవై ఏళ్లపాటు చలికాలపు రోడ్డు ఉప్పును, ఎగ్జాస్ట్ వేడిని భరించిన బండిలో వైర్లను పరీక్షించకుండా సెన్సర్ కొనడం డబ్బు దండగ. వైర్లను పరీక్షించడానికి పెద్ద గ్యారేజీ అక్కర్లేదు, ఓపిక ఉంటే ఒక పూటలో తేలిపోతుంది.

ఈ పద్ధతి 1996 నుంచి 2006 మధ్య వచ్చిన పెట్రోల్ పికప్‌లకు, అందులోనూ నాలుగు వైర్ల సెన్సర్ ఉన్నవాటికి సరిపోతుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకు, చిన్న ట్రక్కులకు ఓబీడీ-2 (బండి కంప్యూటరే లోపాలను కనిపెట్టి కోడ్‌గా చూపే వ్యవస్థ) తప్పనిసరి అయింది కాబట్టి ఇక్కడ చెప్పే కోడ్‌లన్నీ వాటిలో ఒకేలా ఉంటాయి. ఒక్క జాగ్రత్త: కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం తయారైన కొన్ని టొయోటా టకోమాల్లో ముందు సెన్సర్ స్థానంలో ఎయిర్-ఫ్యూయల్ రేషియో సెన్సర్ ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉన్నా దాని లెక్కలు వేరు, కింద చెప్పిన సిగ్నల్ పరీక్షలు దానికి వర్తించవు. బానెట్ కింద అంటించిన ఎమిషన్ లేబుల్ చదివితే మీ బండి ఏ రకమో తెలుస్తుంది.

సిద్ధాంతం ఈ కొంచెం తెలిస్తే చాలు. నాలుగు వైర్లలో రెండు లోపలి హీటర్‌వి, ఒకటి సిగ్నల్, ఒకటి సిగ్నల్ ఎర్త్. సెన్సర్ మొన దాదాపు 600 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడెక్కాకే పని మొదలుపెడుతుంది, త్వరగా వేడెక్కించడానికే ఆ హీటర్. వేడెక్కాక అది సొంతంగా వోల్టేజీ పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే, అంటే మిశ్రమం లీన్ అయితే, 0.1 వోల్టు దగ్గర, ఇంధనం ఎక్కువై రిచ్ అయితే 0.9 వోల్టు దగ్గర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ముందు సెన్సర్ ఈ రెంటి మధ్య ఊగుతూ ఉండాలి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే వెనక సెన్సర్ దాదాపు నిలకడగా ఉండాలి.

కావలసినవి

- లైవ్ డేటా, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) చూపించే ఓబీడీ-2 స్కానర్. కోడ్ మాత్రమే చదివేది సరిపోదు.
- 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న డిజిటల్ మల్టీమీటర్. పాత ముల్లు మీటరు వాడకండి.
- లోపల మామూలు ఫిలమెంట్ బల్బు ఉన్న 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్. ఎల్ఈడీది ఈ పనికి పనికిరాదు, కారణం నాలుగో మెట్టులో ఉంది.
- కనెక్టరు వెనక నుంచి దూర్చడానికి సన్నటి బ్యాక్‌ప్రోబ్ పిన్నులు, రెండు జంపర్ వైర్లు, ఒక 1.5 వోల్టుల పెన్ను బ్యాటరీ.
- 22 మిల్లీమీటర్ల, అంటే 7/8 అంగుళాల, ఆక్సిజన్ సెన్సర్ సాకెట్. ఆటోజోన్ వంటి దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని అరువిస్తాయి, సాకెట్ తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తాయి.
- జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డు దిమ్మెలు, కళ్లద్దాలు, చేతి తొడుగులు.
- మీ బండి మోడల్ సంవత్సరానికి, ఇంజన్‌కు సరిపోయే వైరింగ్ డయాగ్రామ్. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకు రిపేరు సమాచారాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తాయి, ముందు అక్కడ వెతకండి. వైర్ల రంగులను ఊహించి పని మొదలుపెట్టవద్దు.

పని మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు. ఇంజన్ ఆపిన చాలాసేపటి వరకు ఎగ్జాస్ట్ గొట్టం చర్మం ఊడొచ్చేంత వేడిగా ఉంటుంది. ఇంజన్ నడుపుతూ చేసే పరీక్షలను మూసిన గ్యారేజీలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

1. కోడ్‌లన్నీ చెరపకముందే రాసిపెట్టుకోండి

ఫ్రీజ్ ఫ్రేమ్‌తో, అంటే కోడ్ పడిన క్షణంలో కంప్యూటర్ దాచుకున్న రీడింగులతో, సహా రాసుకోండి. పి0135, పి0141, పి0155, పి0161 హీటర్ సర్క్యూట్ కోడ్‌లు. పి0131 అంటే సిగ్నల్ వోల్టేజీ తక్కువ, పి0132 అంటే ఎక్కువ, పి0133 అంటే మందకొడిగా స్పందించడం, పి0134 అంటే కదలికే లేకపోవడం. ఈ నాలుగూ బ్యాంక్ 1 (ఇంజన్‌లో ఒక వైపు సిలిండర్ల వరుస) ముందు సెన్సర్‌వి, బ్యాంక్ 2 ముందు సెన్సర్‌కు ఇవే పి0151 నుంచి పి0154 వరకు ఉంటాయి. రెండు మూడు హీటర్ కోడ్‌లు ఒకేసారి వస్తే అన్ని సెన్సర్లూ కలిసి చచ్చిపోయాయని అనుకోకండి. వాటికి ఉమ్మడిగా ఉండేది ఫ్యూజు, కాబట్టి నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లండి. పి0133 ఒంటరిగా వస్తే మాత్రం వైర్ల తప్పు కాకపోవచ్చు, సెన్సర్ ముసలిదై ఉండవచ్చు లేదా ఎగ్జాస్ట్ ఎక్కడో కారుతుండవచ్చు.

2. ఏ సెన్సరో కచ్చితంగా తేల్చుకోండి

బ్యాంక్ 1 అంటే ఒకటో సిలిండర్ ఉన్న వైపు. ఫోర్డ్ వీ8 ఇంజన్లలో ఒకటో సిలిండర్ ప్రయాణికుడి వైపు ఉంటుంది, షెవర్లే, డాడ్జ్ వీ8లలో డ్రైవర్ వైపు ఉంటుంది. ఫోర్డ్ నడిపిన అలవాటుతో షెవర్లేను పరీక్షించి, బాగున్న సెన్సర్‌ను పీకి పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు. సెన్సర్ 1 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుది, సెన్సర్ 2 అంటే తర్వాతది.

3. మీటరు పట్టకముందు కళ్లతో చూడండి

బండి చల్లారాక, చదునైన నేల మీద జాక్ స్టాండ్లపై నిలిపి, టార్చి వెలుతురులో సెన్సర్ నుంచి వైరు ఎటు వెళుతుందో ప్రతి అంగుళమూ వెంబడించండి. వైరును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, హార్నెస్ (వైర్ల కట్ట) జారి ఎగ్జాస్ట్ గొట్టం మీద వాలిందా అన్నది మొదట చూడాల్సింది. అలా వాలినచోట పైనున్న ముడతల గొట్టం నల్లగా కరిగి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని మెల్లగా విప్పితే లోపల వైర్ల తొడుగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి రాగి బయటపడి కనిపిస్తుంది. డ్రైవ్ షాఫ్ట్ దగ్గర వేలాడుతూ రాపిడికి గురైందా, గేర్‌బాక్స్ ఎప్పుడైనా దింపి ఎక్కించి ఉంటే గేర్‌బాక్స్ ముందున్న బెల్ హౌసింగ్‌కూ ఇంజన్‌కూ మధ్య హార్నెస్ నలిగిందా, సైలెన్సర్ మార్చినప్పుడు వైరు మెలి తిరిగిందా అన్నవి కూడా చూడండి.

కనెక్టరు విప్పి లోపల చూడండి. పచ్చటి చిలుము, వంగిన పిన్ను, వెనక్కి జారిన పిన్ను, నూనె తడి ఉంటే రాసుకోండి. ప్రతి వైరునూ కనెక్టరు దగ్గర పట్టుకుని కొద్దిగా లాగండి. బాగున్న వైరు బిగుతుగా ఉంటుంది, లోపల రాగి కుళ్లిపోయినది రబ్బరులా సాగుతుంది.

4. హీటర్ సరఫరాను బరువు పెట్టి పరీక్షించండి

ముందు ఫ్యూజు చూడండి. ఏ ఫ్యూజు అన్నది యజమాని పుస్తకంలో ఉంటుంది. ఫ్యూజు పోయి ఉంటే ఎక్కువ ఆంపియర్లది వేయడం మాత్రం వద్దు. ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం, మూడో మెట్టుకు తిరిగి వెళ్లి అది ఎక్కడో వెతకండి.

ఫ్యూజు బాగుంటే కనెక్టరు విప్పి, తాళం ఆన్ చేసి, బండి వైపు కనెక్టరులో హీటర్ సరఫరా పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. కొన్ని బళ్లలో ఈ సరఫరా ఇంజన్ నడుస్తున్నప్పుడే వస్తుంది, డయాగ్రామ్ చూసుకోండి. ల్యాంప్ నేరుగా బ్యాటరీకి పెట్టినప్పుడు ఎంత వెలుగు ఇస్తుందో ఇక్కడా అంతే ఇవ్వాలి.

మీటరుతో చూస్తే పోదా అంటే, పోదు. చాలామంది దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. మీటరు కరెంటు దాదాపు లాగదు. పది పోగులలో తొమ్మిది తెగిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, పుచ్చిన తాడు బరువు కట్టనంతసేపూ గట్టిదిలాగే కనబడినట్టు. హీటర్ తగిలించగానే ఆ ఒక్క పోగూ కరెంటు మోయలేక వోల్టేజీ కూలిపోతుంది. అందుకే కరెంటు లాగే ఫిలమెంట్ బల్బు కావాలి. ల్యాంప్ మసకగా వెలిగితే సరఫరా వైరులోనో ఫ్యూజు పెట్టెలోనో నిరోధం ఉన్నట్టే.

5. హీటర్ ఎర్త్ వైపు

హీటర్ రెండో వైరు కొన్ని పాత బళ్లలో నేరుగా బాడీ ఎర్త్‌కు పోతుంది, ఫోర్డ్ వంటి వాటిలో ఇంజన్ కంప్యూటర్ ద్వారా ఎర్త్ అవుతుంది. మొదటి రకమైతే బ్యాటరీ పాజిటివ్‌కూ ఆ పిన్నుకూ మధ్య ల్యాంప్ పెట్టండి, పూర్తిగా వెలగాలి. మసకబారితే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. రెండో రకంలో ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలి. కంప్యూటర్ ఎర్త్‌ను వేస్తూ తీస్తూ ఉండవచ్చు కాబట్టి ల్యాంప్ మినుకుమినుకుమన్నా అది లోపం కాదు. ఈ పిన్నుకు చిన్న టెస్ట్ ల్యాంప్ తప్ప హెడ్‌లైట్ బల్బు వంటివి తగిలించకండి, కంప్యూటర్ లోపల ఆ ఎర్త్‌ను వేసి తీసే స్విచ్చు దెబ్బతింటుంది.

6. హీటర్ నిరోధం

రెండువైపులా బాగుంటేనే సెన్సర్ వంతు వస్తుంది. చల్లగా ఉన్న సెన్సర్ వైపు కనెక్టరులో ఒకే రంగు ఉన్న రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కొలవండి. తయారీదారును బట్టి సుమారు 3 నుంచి 20 ఓమ్‌ల మధ్య ఉంటుంది, పాత టొయోటాల్లో 11 నుంచి 16. అనంతం చూపిస్తే హీటర్ తెగిపోయింది, సెన్సర్ మార్చాల్సిందే. అక్కడితో ఆగండి, సిగ్నల్ వైర్ల మీద మాత్రం ఓమ్‌ల సెట్టింగ్ పెట్టవద్దు. మీటరు పంపే కరెంటు సెన్సర్‌కు హాని చేయవచ్చు, వచ్చే అంకెకూ అర్థం ఉండదు.

7. సిగ్నల్ వైరు, కంప్యూటర్ వైపు

కనెక్టరు విప్పి ఉంచి, తాళం ఆన్ చేసి, స్కానర్‌లో ఆ సెన్సర్ వోల్టేజీ చూడండి. షెవర్లే, జీఎమ్‌సీ బళ్లలో కంప్యూటరే తన వైపు నుంచి 0.45 వోల్టు పెడుతుంది కాబట్టి అంకె అక్కడ నిలుస్తుంది. ఫోర్డ్‌లో సున్నా దగ్గర ఉంటుంది. అంటే సెన్సర్ తగిలించి ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాత కూడా షెవర్లేలో 0.45 దగ్గర కదలకుండా ఉంటే, కంప్యూటర్‌కు ఆ సెన్సర్ అసలు కనిపించడం లేదన్నమాట.

తర్వాత తాళం ఆపి, బండి వైపు కనెక్టరులో సిగ్నల్ పిన్నునూ సిగ్నల్ ఎర్త్ పిన్నునూ జంపర్‌తో కలిపి, మళ్లీ ఆన్ చేయండి. స్కానర్ సున్నా చూపాలి. జంపర్ తీసి, పెన్ను బ్యాటరీ పాజిటివ్‌ను సిగ్నల్‌కు, నెగెటివ్‌ను సిగ్నల్ ఎర్త్‌కు పట్టండి. అంకె ఒక వోల్టు దాటి పైకి ఎక్కాలి. రెండూ జరిగితే వైర్లు, కంప్యూటర్ బాగున్నట్టు, లోపం సెన్సర్‌లోనో దాని కనెక్టరు పిన్నులోనో ఉన్నట్టు. జరగకపోతే సెన్సర్ మార్చినా ప్రయోజనం లేదు. పిన్నులను సరిగ్గా గుర్తించాకే ఈ పని చేయండి, హీటర్ పిన్నుకు జంపర్ తగిలితే ఫ్యూజు పోతుంది.

షెవర్లే, జీఎమ్‌సీ, ఫోర్డ్ బళ్లలో కనెక్టరు విప్పినప్పటికీ స్కానర్‌లో ఒక వోల్టుకు పైగా ఉంటే హార్నెస్‌లో హీటర్ సరఫరా వైరు సిగ్నల్ వైరుకు తగులుతున్నట్టే. ఈ రకం (జిర్కోనియా) సెన్సర్ తనంతట తాను 1.1 వోల్టులకు మించి పుట్టించలేదు కాబట్టి, ఈ బళ్లలో అంతకు మించిన అంకె ఎప్పుడు కనిపించినా ముందు కరిగిన వైర్లనే అనుమానించండి.

8. ఇంజన్ నడిపి పోల్చండి

అన్నీ తగిలించి, ఇంజన్ వేడెక్కాక 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంచి, కనెక్టరు వెనక నుంచి పిన్నులు దూర్చి మీటరుతో సిగ్నల్ వోల్టేజీ చూడండి. ఈ కొలతకు తోడు మనిషి ఉండటం మంచిది. ముందు సెన్సర్ 0.2కూ 0.8కూ మధ్య గబగబా ఊగాలి. మీటరులో ఊగుతూ స్కానర్‌లో ఊగకపోతే మధ్యలో వైరు తెగింది. రెండుచోట్లా సున్నా దగ్గరే ఉంటే వ్యాక్యూమ్ గొట్టంలోకి కాస్త ప్రొపేన్ వదలండి, దగ్గర్లో సిగరెట్, నిప్పు లేకుండా చూసుకోండి. అప్పుడు 0.8 దాటితే సెన్సర్ బాగుంది, ఇంజన్ నిజంగానే లీన్‌గా నడుస్తోంది లేదా సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ ఎక్కడో చిల్లుపడి బయటి గాలి పీలుస్తోంది.

వేడి భాగాలకు చేయి తగలకుండా ఒక చెక్కపుల్లతో హార్నెస్‌ను అక్కడక్కడ కదుపుతూ స్కానర్ గీతను చూడండి. ఎక్కడ కదిపితే గీత తెగిపడుతుందో లోపం అక్కడే.

9. ఎడమ, కుడి తారుమారయ్యాయేమో చూడండి

గేర్‌బాక్స్ పని తర్వాత మొదలైన ఇబ్బంది అయితే ఈ మెట్టు వదలకండి. రెండు ముందు సెన్సర్ల కనెక్టర్లు ఒకేలా ఉండి, వైర్లు అటూ ఇటూ అందేంత పొడుగున్నప్పుడు అవి మారిపోవడం తేలిక. అప్పుడు కంప్యూటర్ ఒక బ్యాంక్ కబురు విని రెండో బ్యాంక్‌ను సరిదిద్దుతుంది. ఒక వైపు ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ చివరికి, మరో వైపు మైనస్ చివరికి పరుగెడతాయి. ఒక కనెక్టరు విప్పి, స్కానర్‌లో ఏ బ్యాంక్ గీత ఆగిందో చూస్తే నిమిషంలో తేలుతుంది.

10. మరమ్మతు

వైరు చెడిన భాగాన్ని రాగి మెరుస్తూ కనిపించేంతవరకు కత్తిరించండి. నల్లబడ్డ రాగి మీద ఏ అతుకూ నిలవదు. అదే మందం గల, వేడికి ఆగే తొడుగున్న వైరు వాడి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ క్రింప్ కనెక్టర్లతో అతకండి. అతుకులన్నీ ఒకేచోట పడకుండా ఎడంగా ఉంచండి. సెన్సర్‌కు పుట్టుకతో వచ్చిన వైర్లకు మాత్రం సోల్డరింగ్ చేయకండి. చాలా సెన్సర్లు పోలిక కోసం కావలసిన బయటి గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి, సోల్డర్ ఆ దారి మూసేస్తుంది. అదే కారణంతో ఆ కనెక్టరులో గ్రీజు, క్లీనర్ స్ప్రే వాడకూడదు.

సెన్సరే మార్చాల్సి వస్తే మీ బండి కనెక్టరుతో వచ్చేదే కొనండి. యూనివర్సల్ సెన్సర్ తప్పదంటే రంగులు గుర్తుంచుకోండి: బాష్, ఎన్‌టీకేలలో తెలుపు రెండూ హీటర్, నలుపు సిగ్నల్, బూడిద సిగ్నల్ ఎర్త్. డెన్సోలో నలుపు రెండూ హీటర్, నీలం సిగ్నల్, తెలుపు సిగ్నల్ ఎర్త్. ఒకదాని రంగులు చూసి ఇంకోదాన్ని కలిపితే సిగ్నల్ తీగకు 12 వోల్టులు పోతాయి. హీటర్ వైర్లు రెంటిలో ఏది ఎటు కలిపినా ఫర్వాలేదు.

బిగించేటప్పుడు మరపై కంపెనీ పూసిన యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే ముద్ద) చాలు, మొనకు ఏదీ అంటకూడదు. దాదాపు 30 ఫుట్-పౌండ్ల బిగువు సరిపోతుంది. హార్నెస్‌ను ఎగ్జాస్ట్‌కు దూరంగా, లోహపు క్లాంపులతో కట్టండి. ప్లాస్టిక్ టై అక్కడ ఒక వేసవి కూడా నిలవదు.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

వైరు తొడుగుకు సూది గుచ్చి కొలవడం చాలామందికి అలవాటు. ఆ చిల్లులోంచి ఉప్పునీరు చేరి ఏడాదిలో అదే చోట వైరు కుళ్లుతుంది, తప్పనిసరై గుచ్చితే పైన సీల్ చేయండి. ఇంజన్ గ్యాస్కెట్‌కు సెన్సర్ సేఫ్ అని రాసి లేని సిలికోన్ వాడితే దాని ఆవిరి కొత్త సెన్సర్‌ను కూడా పాడుచేస్తుంది. పరీక్షకు ముందే బ్యాటరీ తీసేయడం మరో పొరపాటు, ఫ్రీజ్ ఫ్రేమ్, నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్‌లు అన్నీ పోతాయి.

పని సరిగ్గా జరిగిందని తేల్చుకోవడం

కోడ్ చెరిపి, రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను పొద్దున స్టార్ట్ చేసి స్కానర్ చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో ముందు సెన్సర్లు ఊగడం మొదలుపెట్టాలి, కాసేపటికి క్లోజ్డ్ లూప్ (సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ ఇంధనం సర్దే స్థితి) అని రావాలి. వేడెక్కి నిలకడగా నడిచేటప్పుడు రెండు బ్యాంకుల ఫ్యూయల్ ట్రిమ్‌లు ప్లస్ మైనస్ పది శాతం లోపల, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. తర్వాత ఊళ్లోనూ హైవే మీదా కొన్ని రోజులు నడిపి, ఆక్సిజన్ సెన్సర్, హీటర్ మానిటర్లు (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో చూడండి. దీపం ఆరి ఉన్నా మానిటర్ పూర్తి కాలేదంటే పరీక్ష ఇంకా జరగలేదని అర్థం.

ఎమిషన్ టెస్టుకు వెళ్లాల్సినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కాలిఫోర్నియాలో 1996-1999 పెట్రోల్ బళ్లకు ఒక్క మానిటర్ అసంపూర్తిగా ఉన్నా ఒప్పుకుంటారు, 2000, ఆ తర్వాతి వాటికి ఇవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా చూసే వ్యవస్థ) మానిటర్ ఒక్కదానికే ఆ మినహాయింపు. టెక్సస్‌లో డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో టెస్టు 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోల్ బళ్లకే వర్తిస్తుంది, కాబట్టి ముందు మీ బండి వయసు లెక్కచూసుకోండి. కోడ్ చెరిపిన రోజే టెస్టుకు తీసుకెళ్తే మానిటర్లన్నీ ఖాళీగా కనిపించి వెనక్కి పంపేస్తారు. అందుకే గడువుకు కనీసం రెండు వారాల ముందే ఈ మరమ్మతు పూర్తిచేసి పెట్టుకోండి.